ఉప్పుకు కేలరీల్లేవు... మరి ఈ కిలోన్నర ఎక్కడిది?

పెళ్లి తెనాలిలో. ఆదివారం మధ్యాహ్నం రెండో బంతిలో చోటు దొరికింది. పులిహోర, గుత్తివంకాయ, ముద్దపప్పులోకి ఆవకాయ, దప్పళం, అప్పడాలు, ఊరమిరపకాయలు, బొబ్బట్లు, చివర్న గడ్డపెరుగు. వడ్డించేవాళ్లు అడగలేదు, నేను వద్దనలేదు. ఆ రాత్రే బస్సెక్కి పొద్దున్నే హైదరాబాద్‌లో దిగి, పరగడుపున బరువు మిషన్ ఎక్కితే శుక్రవారం నాటికంటే కిలో నాలుగొందల గ్రాములు ఎక్కువ చూపించింది. దిగి, మిషన్‌ని ఇంకో గచ్చు పలక మీదికి జరిపి మళ్లీ ఎక్కాను. అదే అంకె.

అమ్మ కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఒక్కపూట భోజనానికి కిలోన్నర పెరుగుతారుటే ఎవరైనా? ఆ మిషనే పాడైపోయుంటుంది."

మిషన్ బాగానే ఉంది. అమ్మ అన్నదీ నిజమే, ఒక్క పూటలో ఎవరూ అంత కొవ్వు పట్టరు. కిలో కొవ్వు ఒంటికి పట్టాలంటే అవసరానికి మించి సుమారు 7,700 కేలరీలు తినాలి. ఒక్కో బొబ్బట్టుకు 250 వేసుకున్నా, నా కిలో నాలుగొందలకు మామూలు తిండి మీద ఇంకో నలభై మూడు బొబ్బట్లు లాగించి ఉండాలి. నేను తిన్నది రెండు. పైగా విస్తరి ముందు కూర్చునే ఫోన్‌లోని కేలరీల యాప్‌లో ఒక్కొక్కటీ ఎక్కించాను. ఉప్పు అని కొడితే అది నిక్కచ్చిగా 'సున్నా' అంది. గురువారం పొద్దుటికి ఆ బరువు వచ్చిన దారినే పోయింది. మధ్యలో నేను చేసిన కసరత్తు ఏమీ లేదు, ఇంట్లో సాదా భోజనం తప్ప.

సున్నా కేలరీల వస్తువు కిలో బరువు తెచ్చిపెట్టగలదా? తెచ్చిపెడుతుంది. అసలైన బరువు పెంచుతుందా అంటే మాత్రం సమాధానం ఉప్పు డబ్బాలో దొరకదు, దాని పక్కన పెట్టుకున్న డబ్బాల్లో వెతకాలి.

కొలిమిలో వేసినా కాలదు

కేలరీ అంటే వేడికి కొలత. కిలో నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించేంత వేడి మనం మాట్లాడుకునే ఒక కేలరీ. శాస్త్రం పుస్తకాల్లో దాన్ని కిలోకేలరీ అంటారు, వాడుకలో ఆ 'కిలో' జారిపోయింది. తిండి పదార్థాన్ని గట్టి ఉక్కు గిన్నెలో పెట్టి, ప్రాణవాయువు నింపి, పూర్తిగా కాల్చి, చుట్టూ ఉన్న నీరు ఎంత వేడెక్కిందో చూసి కొలుస్తారు. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో విల్బర్ అట్‌వాటర్ 19వ శతాబ్దం చివర్లో ఇలా కాల్చీ, మనుషుల్ని గదిలో ఉంచి వాళ్ల ఒంటి వేడిని కొలిచీ తేల్చిన అంకెలే ఇప్పటికీ ప్రతి బిస్కెట్ ప్యాకెట్ వెనక ఉంటాయి: గ్రాము పిండిపదార్థానికి 4, మాంసకృత్తులకు 4, కొవ్వుకు 9.

అదే గిన్నెలో ఉప్పు పెడితే? ఏమీ కాదు. సోడియం, క్లోరిన్ కలిసిన రాయి అది. 801 డిగ్రీల దగ్గర కరుగుతుందే గానీ మండదు. పొయ్యి కింద మిగిలే బూడిద ఎలాంటిదో ఒంటికి ఉప్పు అలాంటిది, అందులో కాలడానికి ఇంకేమీ లేదు. సైంధవ లవణం, నల్ల ఉప్పు, రాళ్ల ఉప్పు, అయోడిన్ కలిపిన మెత్తటి ఉప్పు, అన్నిటికీ ఇదే లెక్క. గులాబీ రంగు ఉప్పు బరువు తగ్గిస్తుందని ఎవరైనా చెబితే, తెల్ల ఉప్పు కూడా అంతే తగ్గిస్తుందని చెప్పండి. రెండూ దాదాపు పూర్తిగా సోడియం క్లోరైడే. తేడా ఏమైనా ఉంటే ఒక్కటే, గులాబీ ఉప్పులో చాలినంత అయోడిన్ ఉండదు.

సెలైన్ సీసా చెప్పే లెక్క

ఆస్పత్రిలో మంచం పక్కన వేలాడే సెలైన్ సీసాను గుర్తుచేసుకోండి. దాని మీద 0.9 శాతం అని ఉంటుంది. అంటే లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు. అదే పాళ్లు ఎందుకంటే మన రక్తం, కణాల చుట్టూ ఉండే ద్రవం దాదాపు అంతే ఉప్పగా ఉంటాయి. ఒళ్లు ఆ పాళ్లు చెడనివ్వదు. ఉప్పు ఎక్కువ చేరితే దాన్ని పలచన చేయడానికి నీటిని పట్టి ఉంచుతుంది. దాహం వేస్తుంది, మూత్రం తగ్గుతుంది. మూత్రపిండాలు మిగులు ఉప్పును నెమ్మదిగా బయటికి పంపేదాకా ఆ నీరు లోపలే ఉంటుంది.

సీసా లెక్క తిరగేస్తే, ఒంట్లో నిలిచిన ప్రతి గ్రాము ఉప్పూ 110 మిల్లీలీటర్ల నీటిని పట్టుకుంటుంది. పెళ్లి భోజనంలో మామూలుకన్నా ఆరు గ్రాములు ఎక్కువ తిన్నాననుకుందాం. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, దప్పళం ఉన్న విస్తరిలో ఆరు గ్రాములు పెద్ద విషయం కాదు. అదంతా ఒంట్లో నిలిస్తే 650 మిల్లీలీటర్లకు పైగా నీరు, అంటే ముప్పావు కిలోకు కాస్త తక్కువ. మిగతాది అన్నం, బొబ్బట్ల పని. తిన్న పిండిపదార్థంలో కొంత కాలేయంలోనూ కండల్లోనూ గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్ వెంట సుమారు మూడు గ్రాముల నీరు చేరుతుంది. ఇంకా కడుపులో దిగని తిండి బరువు ఎలాగూ ఉంది. మూడూ కలిస్తే కిలో నాలుగొందలు. మూత్రపిండాలకు రెండు మూడు రోజులు పట్టింది, ఒక్కోసారి ఇంకాస్త పడుతుంది. నా గురువారం అలా వచ్చింది.

బరువు మిషన్‌కు కొవ్వూ నీరూ వేరువేరని తెలీదు. ఒంటి బరువులో కొంత కనిపించకుండానే పోతుంటుందని ఇటలీలో శాంటోరియో అనే వైద్యుడికి నాలుగు వందల ఏళ్ల కిందటే అర్థమైంది. ఆయన పెద్ద త్రాసుకు కుర్చీ వేలాడదీసి, అందులోనే కూర్చుని తింటూ, ఏళ్ల తరబడి తన బరువును, తిన్న తిండిని, విసర్జించినదాన్ని తూచాడు. లోపలికి వెళ్లిన బరువంతా బయటికి వచ్చినదానితో సరిపోలేదు. కనిపించకుండా చర్మం నుంచి, ఊపిరి నుంచి పోయే తేమ లెక్కను అలా పట్టుకుని 1614లో పుస్తకం వేశాడు. మనం పొద్దున ఎక్కితే ఒక అంకె, సాయంత్రం ఎక్కితే ఇంకో అంకె చూసి గుండెలు బాదుకునేది ఆయన అంత ఓపికగా తూచిన దాని గురించే.

నీటి బరువు ఎంత ఖరీదైనదో 2024 ఆగస్టులో దేశమంతా చూసింది. పారిస్ ఒలింపిక్స్‌లో 50 కిలోల కుస్తీలో వినేశ్ ఫోగాట్ ఒక్కరోజులో మూడు పోటీలు గెలిచి ఫైనల్‌కు చేరింది. ఆ పోటీల మధ్య తిన్నదీ తాగినదీ కలిపి సాయంత్రానికి బరువు 2.7 కిలోలు మించిందని జట్టు వైద్యుడు చెప్పాడు. రాత్రంతా చెమటలు కార్పించారు, జుట్టు కత్తిరించారు. తెల్లారి తూస్తే 100 గ్రాములు ఎక్కువ. అనర్హురాలన్నారు. ఆ 2.7 కిలోల్లో కొవ్వు అనదగ్గది ఎంతో ఊహించండి, ఒక్క పగలులో కొవ్వు అంత చేరదు. ఆ 100 గ్రాములు గ్రాములోపు ఉప్పు పట్టి ఉంచగలిగే నీళ్లతో సమానం. ఒలింపిక్ పతకం దగ్గర ఆ నీళ్లకు విలువ ఉంది. మన ఇంటి మిషన్ దగ్గర లేదు. వారానికి ఒకసారి, ఒకే రోజున, పరగడుపున ఎక్కి, నెల రోజుల అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూడటం మేలు. నెలసరికి ముందు రోజుల్లో ఆడవాళ్లకు నీరు చేరి అంకె పెరగడం మామూలే. ఆ వారం మిషన్ జోలికి పోకపోతే ఇంకా మేలు.

అన్నం పెట్టి బరువు తగ్గించిన డాక్టరు

ఉప్పు మానేస్తే నాలుగు రోజుల్లో రెండు కిలోలు తగ్గడం నిజంగానే జరుగుతుంది. 'పది రోజుల్లో నాలుగు కిలోలు' అని గోడల మీద రాసేవాళ్ల వ్యాపారం సగం ఈ నీటి మీదే నడుస్తోంది. చప్పిడి తిండి పెడతారు, అన్నం తగ్గిస్తారు. ఉప్పు పట్టుకున్న నీరూ, గ్లైకోజెన్ పట్టుకున్న నీరూ ఒకేసారి దిగిపోతాయి. డబ్బు కట్టినవాళ్లు మిషన్ చూసి మురిసిపోతారు. పదకొండో రోజున ఇంటికొచ్చి పచ్చడన్నం తింటే నీరు తిరిగొస్తుంది. తప్పు తమదేననుకుని మళ్లీ కడతారు.

చప్పిడి తిండి గురించి చెప్పుకోదగ్గ అసలు కథ ఇంకొకటుంది. జర్మనీ నుంచి అమెరికా వచ్చి డ్యూక్ విశ్వవిద్యాలయంలో చేరిన వాల్టర్ కెంప్నర్ అనే వైద్యుడు 1940ల్లో తీవ్రమైన రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు ఒక పథ్యం పెట్టాడు. అప్పటికి రక్తపోటుకు సరైన మందుల్లేవు. ఆ పథ్యంలో ఉన్నవి అన్నం, పళ్లు, పళ్లరసాలు, కొంచెం చక్కెర. ఉప్పు వెయ్యకూడదు, నూనె చుక్క తగలకూడదు. రోగులు చాటుగా ఏమైనా తింటున్నారేమోనని మూత్రంలో ఉప్పు పరీక్షించి దొంగతనం పట్టుకునేవాడు. చాలామందికి రక్తపోటు దిగింది, ఉబ్బిన గుండె తగ్గింది. తర్వాత లావు తగ్గాలనుకునేవాళ్లు కూడా ఆయన దగ్గరికి బారులు కట్టారు.

మనకు ఇందులో పనికొచ్చే మాట ఒకటుంది. వాళ్లకు పెట్టింది అన్నం. మన దగ్గర లావు కావడానికి కారణమని అందరూ వేలెత్తి చూపే అదే అన్నం. ఉప్పు, నూనె లేని అన్నం కడుపు నిండా తింటూ లావెక్కడం కష్టం, ఎందుకంటే మూడో ముద్దకే నోరు మొరాయిస్తుంది. జ్వరం వచ్చి పథ్యం తిన్నవాళ్లకు ఈ సంగతి వివరించక్కర్లేదు. గాంధీగారు దక్షిణాఫ్రికాలో ఉన్నప్పుడు కస్తూర్బా జబ్బు చేస్తే ఉప్పు, పప్పు మానమని చెప్పారట. 'మీకు చెబితే మీరు మాత్రం మానగలరా' అని ఆవిడ అడిగిన పంతానికి తనే ఏడాదిపాటు మానేస్తానని మాటిచ్చారు. ఆత్మకథలో రాసుకున్నారు. ఆ ఇంట్లో అది సత్యాగ్రహమైంది గానీ, మామూలు ఇంట్లో అలాంటి పంతం నాలుగు రోజులు నిలవదు.

అందుకని చప్పిడికి పొమ్మని నేను చెప్పడం లేదు. ఉప్పు ఒంటికి కావాలి. నాడులు పనిచెయ్యడానికి, కండరాలు ముడుచుకోవడానికి సోడియం ఉండాలి. మే నెల ఎండలో రామగుండంలోనో రెంటచింతలలోనో చెమటోడ్చేవాడు ఉప్పు మానేసి నీళ్లు మాత్రమే తాగితే పడిపోతాడు. ఓఆర్ఎస్ పొడిలో లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు వేసింది అందుకే.

ఉప్పు పిలిస్తే ముద్ద వస్తుంది

ఇంతవరకూ నీళ్ల సంగతి. నీళ్లు పోయాక కూడా మిగిలే బరువులో ఉప్పు చెయ్యి ఉందా?

ఆస్ట్రేలియాలోని డీకిన్ విశ్వవిద్యాలయంలో 48 మందికి వేర్వేరు రోజుల్లో నాలుగు రకాలుగా మధ్యాహ్న భోజనం పెట్టారు. వంటకం ఒకటే, సాస్ వేసిన మాకరోనీ. సాస్‌లో ఉప్పు తక్కువ, ఉప్పు ఎక్కువ, కొవ్వు తక్కువ, కొవ్వు ఎక్కువ మార్చి మార్చి కలిపారు. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఉప్పు సరిపడా పడ్డ రోజున 11 శాతం ఎక్కువ తిన్నారు. 2016లో వచ్చిన ఈ ఫలితం చూసి మా అమ్మ ఆశ్చర్యపోలేదు. "ఉప్పు సరిపోతే ఎక్కువ తింటారు. దీనికి అంతమందిని పిలిచి భోజనాలు పెట్టాలా?"

మాస్కో ప్రయోగం మాత్రం ఆవిడకు కూడా వింతగా తోచింది. అంగారక గ్రహ యాత్రకు రిహార్సల్‌గా కొందరిని నేల మీదే మూసేసిన గదుల్లో, ఒక జట్టును 105 రోజులు, ఇంకో జట్టును 520 రోజులు ఉంచారు. తినేది, తాగేది, విసర్జించేది అంతా తూకమే. శాంటోరియో కుర్చీకి మునిమనవడు లాంటి ఏర్పాటు. వాళ్లలో పదిమందికి రోజుకు 12 గ్రాముల ఉప్పు నుంచి 9కి, 6కి వారాల తరబడి మారుస్తూ వచ్చారు. ఉప్పు ఎక్కువైతే ఎక్కువ నీళ్లు తాగుతారని అందరం అనుకుంటాం. ఒక పూట సంగతి అయితే అది నిజం. కానీ వారాలు గడిచేకొద్దీ ఎక్కువ ఉప్పు తిన్నప్పుడు వాళ్లు నీళ్లు తక్కువ తాగారు, ఆకలి మాత్రం ఎక్కువైందన్నారు. 2017లో ఈ వివరాలు బయటపెట్టిన జర్మనీ పరిశోధకులు చెప్పిందేమంటే, ఎక్కువ ఉప్పును బయటికి పంపుతూనే నీటిని పోనివ్వకుండా కాపాడుకోవడానికి ఒళ్లు యూరియా తయారుచేసుకుంటుంది, ఆ పనికి శక్తి ఖర్చవుతుంది, అందుకే ఆకలి. పదిమంది మీద చూసింది పదికోట్ల మందికి వర్తిస్తుందని ఒట్టేసి చెప్పలేం. ఆకలి పెరగడానికి ఉప్పుకు ఒక దారి ఉండవచ్చని మాత్రం తెలిసింది.

బ్రిటన్‌లో ఆహార సర్వే లెక్కలు తిరగేసినవాళ్లు 2015లో ఇంకా గట్టి మాటే అన్నారు. రోజుకు ఒక గ్రాము ఉప్పు ఎక్కువ తినే పెద్దవాళ్లలో ఊబకాయం ముప్పు 26 శాతం ఎక్కువ కనిపించిందట, తిన్న కేలరీల తేడా తీసేసి చూసినా. నాకు ఇది పూర్తిగా మింగుడుపడలేదు. ఉప్పును మూత్రంలో కొలిచారు, అది అబద్ధం చెప్పదు. కేలరీలను మనుషుల్ని అడిగి రాసుకున్నారు. ఏం తిన్నారో సరిగ్గా చెప్పే మనిషి ఎవరు? నేను చెప్పానా?

దీనికి ఎదురుగా నిలబెట్టాల్సిన ప్రయోగం ఒకటుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 20 మందిని ఆస్పత్రిలో ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు వండిన మామూలు తిండి పెట్టింది. ఎదుట పెట్టిన భోజనంలో ఉప్పు, చక్కెర, కొవ్వు, పీచు రెండింటిలోనూ సరిసమానం. అయినా ప్యాకెట్ తిండి ఉన్న రోజుల్లో రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, కిలో దాకా పెరిగారు. 2019 నాటి ఈ ఫలితం చూస్తే ఉప్పును ఒక్కదాన్నే బోనులో నిలబెట్టడం తప్పని తెలుస్తుంది. నూనె, పిండి, చక్కెరలతో చేతులు కలిపినప్పుడే దాని ప్రతాపం. వేయించిన చిప్స్‌లో ఉప్పు తీసేసి పెట్టి చూడండి, ఎన్ని తింటారో.

గుత్తివంకాయను వంకాయ అని రాస్తే

ఇప్పుడు నా యాప్ దగ్గరికి. పెళ్లిలో గుత్తివంకాయ కూరను నేను 'వంకాయ' అని ఎక్కించాను. వంద గ్రాములకు 25 కేలరీలు. నాకెంతో తృప్తిగా అనిపించింది.

ఇంటికొచ్చాక అదే కూర అమ్మ చేస్తుంటే పక్కన కాటా పెట్టుకుని కూర్చున్నాను. నలుగురికి అరకిలో వంకాయలు: 125 కేలరీలు. కూరడానికి వేయించి నూరిన పల్లీలు 50 గ్రాములు: 280 పైన. నువ్వులు 25 గ్రాములు: 140 పైన. ఎండుకొబ్బరి 25 గ్రాములు: 165. గసగసాలు చెంచాడు అదనం. అయిదు పెద్ద చెంచాల నూనె, చెంచాకు 120 చొప్పున 600. ఉప్పు, పసుపు, చింతపండు, కారం, ధనియాలు, జీలకర్ర అన్నీ కలిపినా యాభై అరవై దాటవు. వంకాయల 125 మీద మసాలా, నూనె కలిపి తెచ్చింది 1,200. మనిషికి 300 పైమాటే. నేను రాసుకున్నది పాతిక.

కేలరీల లెక్కలో మనవాళ్లు తప్పేది ఇక్కడే. 'రుచి కోసం వేసేది' అనగానే అది లెక్కకు రానిదని మనసు తీర్మానించేస్తుంది. పోపుల పెట్టె తెరిచి నిజాయితీగా చూస్తే ఆవాలు, జీలకర్ర, మెంతులు, మిరియాలు, ఇంగువ, ఎండుమిర్చిని వదిలెయ్యొచ్చు. ఆవాల్లో వంద గ్రాములకు 500 కేలరీలున్నాయి నిజమే, కానీ వంద గ్రాముల ఆవాలు ఎవరు తింటారు? పోపులో పడేది అరచెంచా, నలుగురి మధ్య పంచితే ఒక్కొక్కరికి మూడు కేలరీలు రావు. ఆవాలను చిటపటలాడించిన నూనె సంగతి వేరు. పప్పులో రెండు పెద్ద చెంచాల తిరగమోత అంటే 240. చారులో నెయ్యి పోపు ఇంకో 120. ఇడ్లీ మీద నువ్వుల పొడి, దాని మధ్యలో గుంట చేసి పోసిన నెయ్యి, ఇడ్లీకన్నా ఎక్కువ తూగుతాయి. నిమ్మరసంలో పెద్ద చెంచా తేనె కలుపుకుని 'కొవ్వు కరిగిస్తున్నా' అనుకునేవాళ్లు పొద్దున్నే 60 కేలరీలు తాగుతున్నారు. జీలకర్ర నీళ్లలో కేలరీల్లేవు, కరిగించే గుణమూ లేదు. మిరపకారంలోని క్యాప్సైసిన్ ఒంటి ఖర్చును కాస్త పెంచుతుందని ప్రయోగాల్లో తేలింది గానీ, ఆ కాస్త రోజుకు అరటిపండు ఖరీదు కూడా చెయ్యదు. కారమే బరువు తగ్గిస్తే గుంటూరులో లావుపాటి మనిషి కనిపించకూడదు.

ఇక ఆవకాయ. దాంట్లో ఉప్పు లెక్కకు రాదు, కారం, ఆవపిండి కొద్దిగా వస్తాయి. పైన తేలే నూనె చిన్న చెంచాడైతే 40 కేలరీలు. అక్కడితో ఆగితే బాగానే ఉండును. ఆవకాయ ఒంటరిగా రాదు. వేడన్నం పిలుస్తుంది, అన్నం నెయ్యిని పిలుస్తుంది, పక్కన ముద్దపప్పు చేరుతుంది, ఆ కారానికి గడ్డపెరుగు కావాలి, పెరుగన్నంలోకి మళ్లీ ఆవకాయ బద్ద. యాప్‌లో 'పచ్చడి, ఒక చెంచా' అని రాసిన చోట నిజానికి రాయాల్సింది ఆ చెంచా మింగించిన అదనపు అన్నం. వండిన అన్నం వంద గ్రాములకు 130 కేలరీలు. దళారీకి సొంతంగా సరుకుండదు, ఉన్న సరుకంతా అమ్మిపెడతాడు. వంటింట్లో ఉప్పుది ఆ ఉద్యోగం.

బరువు భయం లేకపోయినా

సన్నగా ఉన్నవాళ్లు ఈ మాటలన్నీ తమకు కావనుకోవద్దు. ఉప్పు చేసే పెద్ద నష్టం రక్తపోటు వైపు నుంచి వస్తుంది, అది సన్నగా ఉన్నవాళ్లనూ వదలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములలోపు, అంటే చిన్న చెంచాడు చాలంటోంది. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లోనూ అదే మాట. ఢిల్లీ, హర్యానా, ఆంధ్రప్రదేశ్‌లలో 1,395 మంది మూత్రం సేకరించి కొలిచిన అధ్యయనంలో ఢిల్లీ, హర్యానావాళ్లు సగటున 8.59 గ్రాములు, ఆంధ్రావాళ్లు 9.46 గ్రాములు తింటున్నట్టు 2017లో వెల్లడైంది. పచ్చళ్ల రాష్ట్రం పేరు నిలబెట్టుకున్నాం.

ఒక హెచ్చరిక. పెళ్లి భోజనం నీరు మూడు నాలుగు రోజుల్లో పోవాలి. పోకుండా బరువు వారంలో రెండు కిలోలకు పైగా పెరుగుతూ పోతుంటే, చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతుంటే, పడుకుంటే ఆయాసం వస్తుంటే అది ఆవకాయ పని కాకపోవచ్చు. గుండె, మూత్రపిండాలు, కాలేయం చూపించుకోవాలి. అలాంటి జబ్బులున్నవాళ్లు తక్కువ సోడియం ఉప్పు పేరుతో అమ్మేదాన్ని డాక్టరును అడక్కుండా వాడకూడదు. అందులో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది, మూత్రపిండాలు సరిగా పనిచెయ్యనివాళ్లకు అది ప్రమాదం.

మిగతావాళ్లం కాటాలు, యాప్‌లు పక్కనపెట్టి రెండు ప్యాకెట్లు చూసుకుంటే చాలు. మనిషికి రోజుకు 30 గ్రాముల నూనె మించొద్దంటే, నలుగురున్న ఇంట్లో నెలకు నెయ్యితో కలిపి నాలుగు లీటర్లు. మీ నెల సరుకుల చీటీలో ఎన్ని ఉన్నాయి? మనిషికి 5 గ్రాముల ఉప్పు లెక్కన అదే ఇంట్లో కిలో ఉప్పు 50 రోజులు రావాలి. బయట తిన్నది, కొన్న పచ్చళ్లు, అప్పడాలు కూడా ఆ అయిదులోనే సర్దుకోవాలి కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువ రోజులు రావాలి.

ఈసారి కొత్త ప్యాకెట్ కత్తిరించినప్పుడు దాని మీద పెన్నుతో తేదీ వెయ్యండి. మేమూ వేశాం. మా ఇంట్లో ఉండేది ముగ్గురం, కిలో ఉప్పు 66 రోజులు రావాలి. 41వ రోజున అమ్మ కొత్త ప్యాకెట్ కత్తిరించింది.